ఊ కొట్టడం నేర్చిన సర్వరు

అధ్యక్షుల కుర్చీలో కూర్చున్న చైర్మన్ రాధాకృష్ణమూర్తి గారికి, ఆయన పక్కన పూలదండల బరువుకు మెడ వంచుకుని కూర్చున్న మన కన్యక మేడమ్‌కి, వేదిక మీద చోటు దొరికిన అయ్యవార్లకు, దొరకక కింద కూర్చుని ముఖం మాడ్చుకున్న అయ్యవార్లకు, ముందు వరస పెద్దలకు, వెనక వరసలో ఈ ముసలిది ఎప్పుడు తడబడుతుందా అని సెల్‌ఫోన్లు పైకెత్తి పట్టుకున్న పిల్లలకు, తలుపు దగ్గర చెప్పులు విడిచి లోపలికి రావాలా వద్దా అని తచ్చాడుతున్న మా గొర్రెల కాపర్లకు (రాండిరా లోపలికి, కుర్చీలు మనుషుల కోసమే వేసినారు), అందరికీ ఎల్లమ్మ నమస్కారం.

నాకు చదువు రాదు. సంతకం కూడా రాదు, వేలిముద్రే. అట్లాంటి మనిషిని కంప్యూటర్లు చెప్పే లెక్చరర్ రిటైర్మెంటు సభలో మాట్లాడమని ఎవరు పిలిచారని మీరు అడగవచ్చు. ఎవరూ పిలవలేదు. అతిథుల ప్రసంగాలు అయిపోయాయి, భోజనాలకు లేద్దామని అందరూ పంచెలు సర్దుకుంటున్నారు, మైకు ఖాళీగా కనిపించింది, వచ్చాను. (నవ్వులు)

ఇదిగో ముందు వరసలో ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని టకటకా కొడుతున్న పిల్ల భవాని, నా కూతురి కూతురు. ఈ కాలేజీలోనే చదివింది, ఇప్పుడు ఈ కాలేజీలోనే మేడమ్ కింద పాఠాలు చెప్తోంది. నేను మాట్లాడేదంతా రాసి కాలేజీ పత్రికలో వేస్తుందట. నా మాటను పుస్తకం మాటగా దిద్దుతానని ఇందాకే మెల్లగా చెవిలో చెప్పింది. దిద్దుకో తల్లీ, పౌడరు రాయి, బొట్టు పెట్టు, ముక్కు మాత్రం మార్చొద్దు.

ఇక విషయం. నేను పొగడడానికి రాలేదు. శాలువా తేలేదు, దండా తేలేదు. ఫిర్యాదు మీద వచ్చాను. ఎవరి మీద అంటే, అదిగో ఆ దండల వెనక దాక్కున్న కన్యక మేడమ్ మీదే. ఇందాక చైర్మన్ గారు మాట్లాడుతూ, మేడమ్ కాలేజీకి చేసిన సేవలన్నీ చెప్పి, చివర్లో ఒక మాట అన్నారు. మేడమ్ రాసిన గొర్రెల సర్వరును ఆమె కోరిక మీదే ఈ సాయంత్రం ఆమె చేతులతోనే ఆపేస్తున్నాము అని. మీరందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారయ్యా? ఏం ఆపుతున్నారో తెలిసి కొట్టారా, పక్కవాడు కొట్టాడని కొట్టారా? ఆ సర్వరు ఆపడానికి వీల్లేదు. ఇదే నా ఫిర్యాదు. ఇది తేలేదాకా నేను మైకు వదలను, మీరు భోజనాలకు లేవరు. (నవ్వులు, చప్పట్లు)

తెలియని వాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. మా పల్లె అర్ధవీడు అవతల, కొండ కిందనే. మా వాళ్ళు మందలు తోలుకుని కొండల్లోకి పోతారు. పోయినవాడు ఎటు పోయాడో, మంద ఎక్కడ పడుకుందో ఇంట్లో వాళ్ళకు తెలియదు. ఫోను చేద్దామంటే అక్కడ సిగ్నలు వచ్చినట్టే వచ్చి పోతుంది, మా అల్లుడు పొలం పనికి వచ్చినట్టు. (నవ్వులు) భవాని ఇక్కడ ఆఖరు సంవత్సరం చదువుతున్నప్పుడు కన్యక మేడమ్, తనూ కలిసి ఒక ఉపాయం చేశారు. మంద ముందు నడిచే పొట్టేలు మెడలో గంట పక్కన ఒక చిన్న పెట్టె కట్టారు. తానెక్కడ ఉందో ఆ పెట్టెకు ఆకాశంలోంచి తెలుస్తుందట. సిగ్నలు రవ్వంత దొరికితే చాలు, ‘ఫలానావాళ్ళ మంద ఫలానా చోట ఉంది’ అని ఒక చిన్న ముక్క ఈ కాలేజీలో ఉన్న కంప్యూటరుకు విసురుతుంది. ఆ ముక్కను డేటాగ్రామ్ అంటారు. వాటిని పట్టుకునే కంప్యూటరే సర్వరు. ఇంట్లో కూర్చుని మనం ఫోనులో అడిగితే, మంద ఎక్కడుందో అది చెప్తుంది.

నాకు ఈ సంగతి తెలియగానే కొట్లాటకు వచ్చాను. నన్ను అడగకుండా నా పొట్టేలు మెడలో పెట్టె కడతారా అని. మేడమ్ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి నిదానంగా చెప్పబోయింది.

“ఈ సర్వరు వేరే రకం పెద్దమ్మా. దీనికి కనెక్షన్ ఉండదు.”

“కనెక్షన్ లేకుండా కరెంటు ఎట్ల వస్తదమ్మా? ఇంత పెద్ద కాలేజీ కట్టుకుని దొంగ కరెంటు వాడుతున్నారా మీరు?” (నవ్వులు)

చైర్మన్ గారూ, మీరు మరీ అంత నవ్వకండి, ఆ రోజు నేను లైన్‌మన్‌కు చెప్తానని బయలుదేరాను కూడా. మేడమ్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె మార్కాపురంలో తరాలుగా పలకల వ్యాపారం చేసిన ఇంటి ఆడబిడ్డ, ఏ సంగతైనా దుకాణంలోకి తెచ్చి చెప్తే తప్ప ఆమెకు తృప్తి ఉండదు.

“మా నాయన దుకాణంలో రెండు పద్ధతులు ఉండేవి పెద్దమ్మా. పెద్ద బేరగాడు వచ్చినాడనుకో, లోపలికి పిలిచి, కుర్చీ వేసి, టీ తెప్పించి, ఇంట్లో అంతా బాగుండారా అని అడిగి, బేరం అయినాక వాకిలి దాకా వచ్చి సాగనంపుతాడు. అది కనెక్షన్. బడిపిల్లలు వచ్చినారనుకో, వీధి కిటికీ దగ్గరే. చెయ్యి లోపలికి వస్తది, చీటీ ఇస్తది, పలక తీసుకుంటది, పోతది. రా అనేది లేదు, పోయిరా అనేది లేదు. ఆ వెంటనే ఇంకో చెయ్యి. ఎవరి చెయ్యో చీటీ మీద చూసుకోవాల్సిందే. మన సర్వరు ఆ కిటికీ.”

“మరి మర్యాద?”

“మర్యాదలకు టైం పడతది పెద్దమ్మా. కొండ మీద సిగ్నలు కన్ను మూసి తెరిచేంత సేపే ఉంటది. బాగుండారా అని అడిగే లోపల పోతది. అందుకే చెప్పాల్సింది ఒక్క ముక్కలో చెప్పి విసిరేయాల.”

ఈ ముక్క నాకు నచ్చింది. చెప్పాల్సింది ఒక్క ముక్కలో చెప్పడం మా ఇంట్లో మగవాళ్ళకు ఎన్నేళ్ళుగా నేర్పినా రాలేదు. (నవ్వులు) అక్కడి నుంచి నేను మార్కాపురం వచ్చినప్పుడల్లా ల్యాబులో ఒక మూల కూర్చునేదాన్ని. ఫ్యాను బాగా తిరుగుతుంది, అదొక కారణం. మేడమ్ ఏటా పిల్లలకు ఇదే పాఠం చెప్పేది. అర్థమయ్యి కాదు గానీ, వినీ వినీ నాకు పాటలాగా పట్టుబడిపోయింది. సాకెట్ అని పిలిస్తే గోడలో ఒక కంత పడుతుందట. బైండ్ అంటే ఆ కంతకు నంబరు పలక తగిలించడమట, ఆ నంబరు పోర్టు. పెద్ద బేరగాళ్ళ దుకాణానికైతే లిజన్ అనీ యాక్సెప్ట్ అనీ ఇంకో రెండు మర్యాదలు కావాలి, మన కిటికీకి అవేవీ లేవు. ఇక అక్కడి నుంచి ఆగని తిరగలి. రిసీవ్ ఫ్రమ్ అని చెయ్యి చాచి కూర్చోవడం, ముక్క వచ్చి పడితే అది ఎవరి దగ్గరి నుంచో చూడడం, జవాబు చెప్పాల్సి ఉంటే సెండ్ టు అని ఆ చిరునామాకే విసరడం, మళ్ళీ చెయ్యి చాచడం. (వెనక వరసల్లో ఈలలు)

ఈలలు తర్వాత వేద్దురుగాని, ముందు సప్లీలు రాసుకోండి. (నవ్వులు)

అంత బాగా చెప్పే మేడమ్ తప్పులు చేయలేదా? చేసింది. ఈ రోజు అందరూ ఆమెను దేవతను చేసేశారు కాబట్టి నేను కొంచెం కిందికి దించాలి. సర్వరు నడిచిన మొదటి రోజు, కొండ మీద మందతో ఉన్నది నా కొడుకు మాల్యాద్రి. కంప్యూటరు తెర మీద పెద్ద అక్షరాలతో వాడి పేరు వస్తుందని అందరం గుడ్లప్పగించి కూర్చున్నాం. వచ్చింది. భవాని చదివి వినిపించింది. ‘మాల్య’ అని ఉందట, దాని పక్కన ఒక ప్రశ్న గుర్తు.

“నా కొడుకు సగమే వచ్చినాడేంది? మిగతా సగం ఏడి? ఆ ప్రశ్న ఏంది పక్కన? వాడికి ఏమైంది?” అని నేను ల్యాబు ఎగిరిపోయేట్టు అరిచాను.

ఏమైందంటే, వచ్చిన ముక్కను పట్టుకోవడానికి ఒక గిన్నె పెడతారట, దాన్ని బఫర్ అంటారు. పేరు కోసం పెట్టిన గిన్నెను ఇంగ్లీషు అక్షరాల కొలతకు పెట్టారు. మన తెలుగు అక్షరానికి ఇంగ్లీషు అక్షరానికి పట్టే జాగాకు మూడింతలు కావాలట. అంత లావు అక్షరాలు చిన్న గిన్నెలో ఎట్లా పడతాయి? పట్టినంత పట్టి, ఒక అక్షరం నడుముకు విరిగి, మిగిలినదంతా నేలపాలు. మేడమ్ నాలుక కరుచుకుంది.

“తప్పు నాదే పెద్దమ్మా, గిన్నె చిన్నదైంది.”

“ఇంటికి బంధువులు వస్తున్నారంటే గిన్నె చూసుకోవద్దా తల్లీ? కోమటోళ్ళ ఇంట్లో పుట్టినావు, కొలత తప్పుతవా?” అన్నాను. ఆ మాటకు ఆమె ఎంత నవ్విందంటే, కళ్ళజోడు ఊడి కీబోర్డు మీద పడింది. ఇక అప్పటి నుంచి మా ఇద్దరికీ కుదిరింది.

ఇప్పుడు అసలు కథ. శ్రద్ధగా వినండి, నా ఫిర్యాదుకు ప్రాణం ఇందులోనే ఉంది.

మా వైపు ఎవరైనా ఏదైనా చెప్తుంటే వినేవాళ్ళు ఊ కొట్టాలి. కథ చెప్తే ఊ, చాడీ చెప్తే ఊ, కష్టం చెప్పుకుంటే ఇంకా గట్టిగా ఊ. ఊ ఆగిపోయిందంటే వినేవాడు నిద్రపోయాడనైనా అర్థం, మన మాట లెక్కలేదనైనా అర్థం. చెప్పేవాళ్ళు అక్కడితో లేచిపోతారు. నేను ల్యాబులో కూర్చుని చూస్తున్నాను, కొండ మీది నుంచి పెట్టెలు ముక్క తర్వాత ముక్క విసురుతున్నాయి, సర్వరు తీసుకుని మూటగట్టుకుంటోంది, బదులు మాట లేదు.

“అంత దూరం నుంచి నా పొట్టేలు మాట పంపుతా ఉంటే, మీ సర్వరు నోట్లో ఏం కుక్కుకున్నది? ఒక్క ఊ కొట్టలేదా?”

“దీని పద్ధతే అంత పెద్దమ్మా. పంపినవాళ్ళకు అందిందో లేదో తెలియదు. దారిలో పడిపోతే పడిపోయినట్టే.”

“పలకల ఇంట్లో పుట్టి పలకని దాన్ని కన్నావు గదమ్మా!”

 మేడమ్ రెండు రోజులు ఆలోచించి, సరే, ఊ కావాలంటే మనమే రాసుకోవాలి అని, సర్వరులో ఒక నాలుగు లైన్లు చేర్చింది. మంద నుంచి ముక్క అందగానే సర్వరు ‘ఊ’ అని వెనక్కి విసురుతుంది. నిజంగానే తెలుగు ఊ, లావు అక్షరం. అది అందితే పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతుంది. వెలగకపోతే కాసేపాగి పెట్టె మళ్ళీ విసురుతుంది. ఎంత అందమైన ఏర్పాటు! సర్వరు వైపు మేడమ్ రాసింది కాబట్టి అది సరిగ్గానే ఉంది. పెట్టె వైపు ఎవరు రాశారు? (నవ్వులు) తల దించుకుని కొట్టొద్దు భవానీ, పైకి చూడు. ఈ తల్లి పని తొందరగా అవుతుందని మేడమ్ రాసిన తిరగలినే ఎత్తుకుపోయి పెట్టెలో దించింది. ఏ మాట వచ్చినా ఊ కొట్టమని.

ఇంకేముంది! పెట్టె మంద జాడ విసిరింది. సర్వరు ఊ అంది. పెట్టెకు ఊ వచ్చింది, మర్యాదస్తురాలు కదా, అదీ ఊ అంది. సర్వరుకు ఊ వచ్చింది, మళ్ళీ ఊ అంది. ఇక చూసుకోండి, ఊ అంటే ఊ, ఊ అంటే ఊ, చెప్పేవాళ్ళు లేరు, కథ లేదు, ఇద్దరూ వినేవాళ్ళే! (చాలాసేపు నవ్వులు)

ఇక్కడ తెర మీద ఊలు జలపాతంలాగా కారుతున్నాయి. అక్కడ కొండ మీద పచ్చ దీపం తిరునాళ్ళ సీరియల్ బల్బులాగా టపటపా కొట్టుకుంటోంది. మాల్యాద్రి ఒక గుట్ట ఎక్కి సిగ్నలు సంపాదించి నాకు ఫోను చేశాడు.

“అమ్మా, పొట్టేలుకు దేవర పూనింది.”

“ఏంది రా?”

“మెడలో దీపం ఆడతాండాది. మొక్కు ఏమన్నా మరిచిపోయినామా? నిమ్మకాయ తిప్పేసినా, తగ్గలేదు.”

నేను ఆ ఫోను మేడమ్ చెవి దగ్గర పెట్టాను. ఆమె విన్నది, తెర వంక చూసింది, భవాని వంక చూసింది, బల్ల మీద తల పెట్టేసింది. ఏడుస్తోందేమో అని దగ్గరికి వెళ్ళి చూస్తే, నవ్వి నవ్వి గాలి అందక అట్లా పడుకుంది. ఆ సాయంత్రానికి పెట్టె బ్యాటరీ అయిపోయింది, దేవర దిగిపోయింది. మర్నాడు మేడమ్ ల్యాబు బోర్డు మీద పెద్దగా రాసింది. ఊకు ఊ లేదు. వచ్చింది ఊ అయితే బదులు చెప్పకూడదని రెండు వైపులా ఒక షరతు పెట్టారు, అంతే, సద్దుమణిగింది. నేను అడిగింది ఒక్క ఊ. వీళ్ళు పెట్టింది పెళ్ళి భజంత్రీలు!

(నీళ్ళు తాగడానికి ఆగారు)

నవ్వు ఇక్కడ కొంచెం పక్కన పెడతాను.

పోయిన ఏడు వానాకాలంలో మాల్యాద్రి మందతో కొండ అవతల ఉన్నాడు. వాగు పొంగింది. వాడూ మందా ఒక మిట్ట మీద ఇరుక్కుపోయారు, చుట్టూ నీళ్ళు. ఫోను మోగదు. ఫోను మోగాలంటే రెండు కొసలా పట్టు ఉండాలి, అవతలివాడు ఎత్తాలి, హలో అనాలి, మర్యాదలన్నీ జరగాలి. అంత పట్టు ఆ వానలో ఎక్కడ? పెట్టె మాత్రం విసురుతూనే ఉంది. ఎన్ని ముక్కలు దారిలో పడిపోయాయో ఎవరికీ తెలియదు. మిట్ట మీది నుంచి విసిరిన వాటిలో ఒక్కటి వచ్చింది. ఈ కాలేజీలో, ఆ పాత మిషన్లో, చెయ్యి చాచి కూర్చున్న మేడమ్ కిటికీలో పడింది. అందులో రక్షించండి అని లేదు, అమ్మా అని లేదు. వాడి పేరు, పంపిన వేళ, చోటు చెప్పే రెండు అంకెలు. భవాని ఆ చోటు చెప్పింది, మా వాళ్ళు మోకులు తీసుకుని పోయారు.



అడుగో, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంటికి వచ్చాక వాడు నాకు చెప్పిన మాట ఒకటే. “అమ్మా, ఒక్కసారి పచ్చ దీపం వెలిగింది. ఎవరో విన్నారని తెలిసింది. ఇంక భయపడలేదు, గొర్రెల మధ్యన కూర్చున్నా.”

చూశారా, నేను కొట్లాడి పెట్టించుకున్న ఊ. దాన్ని ఈ సాయంత్రం ఆపుతారట, మీరు చప్పట్లు కొడతారట.

పోయిన వారం ఈ సంగతి చెవిన పడగానే నేను మేడమ్ ఇంటికి పోయి నిలదీశాను. ఆమె మంచి మనిషి, దాచుకోలేదు.

“నేను పోయినాక దాన్ని చూసేవాళ్ళు ఎవరు పెద్దమ్మా? చూసేవాళ్ళు లేక ఏదో ఒక రోజు అది చచ్చిపోతది. మీ పెట్టెలు చచ్చిన కిటికీలోకి ముక్కలు విసురుతానే ఉంటాయి. మీరేమో ఎవరో వింటాండారని నమ్ముకుని కూర్చుంటారు. అది మోసం. అంతకన్నా నా చేతులతో ఆపేసి, ఇక లేదని చెప్పి పోవడం మేలు.”

న్యాయంగా ఉంది కదూ? నేను కూడా ఆ రోజు నోరు మూసుకుని బస్సెక్కాను. బేస్తవారిపేట దాటేసరికి నాకు వెలిగింది. మోసం ఎక్కడమ్మా? నువ్వు పెట్టిన ఊ ఉంది కదా! సర్వరు చచ్చిపోతే ఊ రాదు. ఊ రాకపోతే పచ్చ దీపం వెలగదు. వెలగకపోతే ఎవరూ వినడం లేదని కొండ మీద ఉన్నవాడికి ఆ పూటే తెలిసిపోతుంది. ఊ కొట్టని రోజుల్లో అయితే నీ మాట నిజం. ఇప్పుడు నిజం కాదు. నీ సర్వరుకు అబద్ధం చెప్పడం చేతకాకుండా చేసింది నువ్వే. (చప్పట్లు)

మరి ఎందుకు ఆపుతున్నావో నేను చెప్పనా? ఇంతమందిలో చెప్తున్నానని ఏమీ అనుకోవద్దు. నీ బిడ్డ ఇంకొకరి చేతిలో పాడవడం నువ్వు చూడలేవు. అంతే. చైర్మన్ గారూ, ఈమె దండల వెనక నుంచి అవునని తల ఊపుతోంది, చూడండి.

నాకు తెలుసు తల్లీ. మోకాళ్ళు పోయి కొండ ఎక్కలేనని తెలిసిన రోజున నేనూ మందను అమ్మేద్దామనుకున్నాను. మాల్యాద్రికి గొర్రెలు మేపడం చేతకాదని నా నమ్మకం. ఈ రోజుకీ అదే నమ్మకం. (నవ్వులు) అయినా కట్టె వాడి చేతికిచ్చాను. చేతకాకుండానే మేపుతున్నాడు. గొర్రెలకు ఆ సంగతి తెలియదు, అవి ఈనుతూనే ఉన్నాయి. (నవ్వులు, చప్పట్లు) వాడు తోలుకుపోయిన మొదటి రోజు నేను వాకిట్లో కూర్చుని ఏడ్చాను. అది వేరే సంగతి. భవానీ, ఇది రాయొద్దు. రాసేశావా? సరే, ఉండనీ.

ఇంకొక మాట. రావడానికి పిలుపు లేదు, పోవడానికి సాగనంపు లేదు, అదే ఈ పద్ధతి గొప్ప అని ఏటేటా పిల్లలకు నూరిపోసిన మనిషివి. అట్లాంటి సర్వరుకు నువ్వు వీడ్కోలు సభ పెట్టడం ఏం న్యాయం? ఎవరికి సభ పెట్టాలో వాళ్ళకు పెట్టాం, అది నీకు. దానికి అక్కర్లేదు.

చైర్మన్ గారూ, ఇప్పుడు మీరు చెప్పండి. కావాలంటే ల్యాబులో పాత మిషన్లన్నీ తీసేసుకోండి, సర్వరు ఉన్న ఆ ఒక్కటి అక్కడ ఉంటే మీకు ఏం బరువు?

(చైర్మన్ గారు కుర్చీలోంచి: “నాకేం బరువు లేదు పెద్దమ్మా. మేడమ్ సరేనంటే ఉంటది. కానీ చూసుకునే మనిషి పేరు చెప్పాల.”)

చెప్తాను. భవాని.

(కన్యక మేడమ్: “భవానీ? పెద్దమ్మా, దేవర పూనించింది ఎవరో మరిచిపోయినావా?” నవ్వులు)

మరవలేదమ్మా. అందుకే అంటున్నాను. ఒకసారి పొట్టేలుకు దేవరను పూనించి, అందరి ముందు తల దించుకున్న పిల్ల, ఇంకోసారి చూడకుండా ఒక్క లైను ఎత్తిరాయదు. నమ్మకం లేకపోతే పరీక్ష పెట్టు. ఇక్కడే పెట్టు. లేచి నిలబడు భవానీ, ఆ లాప్‌టాప్ పక్కన పెట్టు. తర్వాత గుర్తు చేసుకుని రాద్దువుగాని.

(సభలో కేరింతలు. మేడమ్ మెడలోంచి దండలు తీసి బల్ల మీద పెట్టారు.)

(కన్యక మేడమ్: “రిసీవ్ ఫ్రమ్ పిలిచే ముందు తిరగలి తిరిగిన ప్రతిసారీ ఏం చేయాల?”)

(భవాని: “పంపినవాళ్ళ చిరునామా పట్టే గిన్నె ఎంతుందో ఆ కొలతను మళ్ళీ నింపాలి మేడమ్. ఆ కొలత లోపలికి పోయేటప్పుడు గిన్నె ఎంతో చెప్తది, బయటికి వచ్చేటప్పుడు వచ్చిన చిరునామా ఎంతో చెప్తది.”)

(కన్యక మేడమ్: “నింపకపోతే?”)

(భవాని: “తర్వాత వచ్చేవాళ్ళ చిరునామా మధ్యలో తెగిపోవచ్చు. అప్పుడు మన జవాబు ఎవరికి పోతదో మనకే తెలియదు.”)

(కన్యక మేడమ్: “ఒక మంద నుంచి వరసగా రెండు ముక్కలు వచ్చినాయి. ముందు వచ్చింది పొద్దునదని, తర్వాత వచ్చింది మధ్యాహ్నానిదని నమ్మొచ్చా?”)

(భవాని: “నమ్మకూడదు మేడమ్. ముందు బయలుదేరింది వెనక రావచ్చు, ఒకటే రెండుసార్లు రావచ్చు. లోపల ఉన్న వేళను చూసి కొత్తదాన్నే ఉంచుకోవాల.”)

(కన్యక మేడమ్: “ఇది నేను నీకు చెప్పలేదే?”)

(భవాని: “పోయిన ఏడు వాగు పొంగినప్పుడు మామ కోసం తెర చూస్తా ఉంటే తెలిసింది మేడమ్. వాగు పొంగకముందు విసిరిన పాతది ఒకటి ఆలస్యంగా వచ్చి పడింది. దాన్ని నమ్మి ఉంటే మోకులు వేరే గట్టుకు పోయేవి. అప్పటి నుంచి రాసి పెట్టుకున్నా, మీకు చూపించడానికి భయపడినా.”)



నాకు ఈ మాటల్లో సగం అర్థం కాలేదు. మేడమ్ ముఖం మాత్రం అర్థమవుతోంది. ఏందమ్మా అట్లా చూస్తావు? ఇంతమంది ఆకలి మీద ఉన్నారు. చెప్పు, పాసా, ఫెయిలా?

(కన్యక మేడమ్: “పాస్.” చప్పట్లు. “కూర్చో భవానీ. పొద్దున ఆ లైన్లు తీసుకుని ఇంటికి రా. పెద్దమ్మా, నేను ఆపను.”)

అందరూ విన్నారు కదా? చైర్మన్ గారూ, మీరూ విన్నారు. తలుపు దగ్గర ఉన్న మా వాళ్ళు కూడా విన్నారు, మాల్యాద్రి కళ్ళు తుడుచుకుంటున్నాడు, వాడికి అదొక్కటే బాగా చేతనవును. (నవ్వులు) ఇప్పుడు కొట్టండయ్యా చప్పట్లు, ఇప్పుడు దేనికి కొడుతున్నారో మీకు తెలుసు. (చాలాసేపు చప్పట్లు)

కన్యకమ్మా, నిన్ను ఇందాక మేడమ్ అన్నాను, ఆమె అన్నాను, మధ్యలో ఎక్కడో నువ్వులోకి దిగిపోయాను. కోపం వచ్చినా ప్రేమ వచ్చినా నాకు నోట అదే వస్తుంది, ఇవాళ రెండూ కలిసి వచ్చాయి. నా మూర్ఖపు మాటలకు ఏ రోజూ విసుక్కోలేదు నువ్వు. నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, నేను అడిగింది ఎంత వెర్రిదైనా ముందు నవ్వి, తర్వాత ఆలోచించి, ఆఖరుకు రాసిపెట్టావు. నాకు అక్షరం రాదు, నీ సర్వరులో మాత్రం నా అక్షరం ఒకటి ఉంది. ఇంతకన్నా ఏం కావాలి చెప్పు?

మాట్లాడనిచ్చిన చైర్మన్ గారికి, ఆకలి ఓర్చుకున్న పెద్దలకు, ఫోనులో నన్ను పట్టుకున్న పిల్లలకు, నా ముక్కు మార్చకుండా రాసిన భవానికి కృతజ్ఞతలు. కన్యకమ్మా, ఇన్నేళ్ళకు నీకు సెలవు దొరికింది, హాయిగా తీసుకో. అన్నాలు చల్లారిపోతున్నాయి కాబట్టి నాకూ సెలవు ఇప్పించండి. సర్వరుకు మాత్రం సెలవు లేదు.